గట్టి నీళ్ళ చేప

ఆ వేసవిలో మా అమ్మాయి సుధారాణి అత్తవారింటి నుంచి ట్రాలీ ఆటోలో వచ్చింది. సూట్‌కేసు ముందు, డ్రైవరు కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆమె మాత్రం వెనకాల, మండుటెండలో, ఖాళీ గాజుతొట్టిని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. పక్కన మూతపెట్టిన నీలం డ్రమ్ము. గేటు దగ్గర నేనూ నా భార్య పుష్పా ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోపే దిగి, ముందుగా అడిగిన మాట ఇది:

“నాన్నా, హాల్లో కరెంటు పాయింటు ఏ గోడకుంది? బేగి సెప్పు. డ్రమ్ములో గాలి అయిపోతంది.”

“ముందు నీకేటయినాదో సెప్పే,” అంది పుష్ప.

“నాకేటీ అవలేదమ్మా. ఆలస్యమైతే సేపలకి అవుద్ది.”

ఎదురింటి జగ్గయ్య అరుగు మీంచి మెడ సాచి చూశాడు. ఉక్కు కర్మాగారంలో నాతోపాటే పదవీ విరమణ చేసినవాడు. ఊరి సంగతుల నుంచి మాత్రం ఇంకా విరమించలేదు. “ఏటి బావా, పులుసులోకి సేపల్ని ఇంత మర్యాదగా తెత్తారేటి?” అన్నాడు.

అతని వెటకారంలో న్యాయం లేకపోలేదు. మేము సముద్రం మీద బతికిన వాళ్ళం. మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. పుష్ప తల్లి గంప నెత్తిన పెట్టుకుని వాడవాడలా చేపలమ్మేది. చదువు నన్ను ఒడ్డు నుంచి కర్మాగారం ప్రయోగశాలకు చేర్చింది గానీ, నా నాలుకను చేర్చలేదు. మా కూర్మన్నపాలెం ఇంట్లో చేప వండని రోజులు తక్కువ. చేపను పెంచిన రోజు మాత్రం అప్పటిదాకా ఒక్కటీ లేదు.

తొట్టి కుదురుకుని, నీళ్ళు నిండి, గాలి బుడగలు పైకి లేవడం మొదలయ్యాకగానీ సుధ మంచినీళ్ళు తాగలేదు. తాగాక, నేల మీదే కూర్చుని చెప్పింది.

“పెళ్ళై ఆరేళ్ళు. నాకు సెయ్యని టెస్టు లేదు. ఏ లోపం లేదన్నారు. ఇంక నువ్వెళ్ళు అన్నాను ఆయన్ని. అత్త ఇంతెత్తున లేచింది. మగోడికి టెస్టేటి అంది. మర్నాడే ఎవరో వాస్తు సిద్ధాంతిని తెచ్చి ఇల్లంతా సూపించింది. ఆ సిద్ధాంతి ఈ తొట్టి దగ్గర ఆగాడు. ‘పిల్లల్ని మింగే చేప ఇంట్లో ఉంటే ఇల్లాలి కడుపు పండదు’ అన్నాడు.”

“నిజంగా మింగిందా?” అని అడిగాను.

పుష్ప నా వైపు మండిపడుతూ చూసింది. కానీ నా అలవాటు అంతే. ఏ వాదానికైనా ముందు వాస్తవం తేలాలి.

“మింగింది నాన్నా. అబద్ధం సెప్పను. అత్త సూస్తుండగానే మింగింది. మొదటిసారి గుడ్లు పెట్టింది కదా, సాలా సేపలు మొదట అలాగే సేస్తాయి. తొట్టి బయట పెట్టీమన్నారు. పెట్టీసేను. నేనూ దాంతోపాటే బయటికొచ్చీసేను.”

“మరెప్పుడెల్తావే?” అంది పుష్ప, గొంతు తగ్గించి.

“ఆయన టెస్టు సేయించుకున్నాక. లేదంటే ఎప్పటికీ లేదు.”

అల్లుడు దుర్గారావు పోర్టులో క్రేను నడుపుతాడు. ఎంత బరువునైనా గాలిలోకి లేపి చెప్పిన చోట దించగలడు; తల్లి మాటను మాత్రం జానెడు కదపలేడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయి ఉంటే మా పని సులువయ్యేది.

ఆ చేపల గురించి నాకు తెలిసినదంతా ఆ వేసవిలో తెలుసుకున్నదే. వాటి పూర్వీకులది ఆఫ్రికాలోని మలావీ సరస్సు. సిక్లిడ్లు అంటారు. మగది నిండు నీలం. ఊరు తనదే అన్నట్టు తిరుగుతుంది. ఆడవి ఇసుక రంగు, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఆడది గుడ్లు పెట్టీ పెట్టగానే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. అవి పొదిగి, పిల్లలై, సొంతంగా ఈదగలిగేదాకా, ఇంచుమించు మూడు వారాలు, దవడ కింది సంచిలోనే మోస్తుంది. అంతకాలమూ మేత ముట్టదు.

వాటికి కావలసినవి గట్టి నీళ్ళు. మా బోరు నీళ్ళ గట్టితనం మా పేటలో ప్రసిద్ధం. పప్పు ఉడకదు, సబ్బు నురగదు, గిన్నెల అడుగున సున్నం పేరుకుంటుంది. నీళ్ళను మెత్తబరిచే యంత్రం పెట్టించమని పుష్ప ఏళ్ళ తరబడి పోరుతోంది. సుధ ఆ నీళ్ళను పరీక్ష సీసాలో పోసి, చుక్కలు వేసి, రంగు చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“నాన్నా! మద్దిలపాలెంలో అత్తోరి ఫ్లాట్లో మున్సిపాలిటీ నీళ్ళకి సున్నపురాళ్ళు కలిపి కలిపి సచ్చీదాన్ని. ఇక్కడ కుళాయి తిప్పితే మలావీ సరస్సే!”

“ఇన్నాల్టికి మన నీల్లని మెచ్చుకున్న మాలచ్చిమి దొరికినాది,” అంది పుష్ప. ఆమె నవ్వడం సుధ వచ్చాక అదే మొదలు.

కొద్దిరోజులకు పుష్పే గమనించింది. సుధ అచ్యుతాపురంలోని తన కంపెనీ నుంచి డ్యూటీ దిగి వచ్చేసరికి, తల్లి తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

“దీని గొంతు కింద వాపొచ్చినాదే. మేతేత్తే అన్నీ ఎగబడ్డాయి, ఇది మాత్రం మూల ఉండిపోనాది. ఏదో రోగం.”

సుధ వంగి చూసింది. చేప దవడ ఉబ్బి, లోపల ఏదో మెల్లగా పుక్కిలిస్తున్నట్టు కదులుతోంది. “రోగం కాదమ్మా. గుడ్లు. మళ్ళీ నోట ఎత్తుకుంది. పిల్లలయ్యేదాకా, మూడు వారాలు, మేత ముట్టదు.”

“పస్తులేటి మరి? అన్నాల్లూనా?” పుష్ప స్టూలు తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. “ఈసారీ మింగీత్తే?”

“మింగితే మింగుద్ది. మళ్ళీ పెడతాది.”

ఆ పూట పుష్ప తొట్టికి వీపు తిప్పి కూర్చుని అన్నం తిన్నది.

వియ్యపురాలు కాసులమ్మ ఫోను చేసింది. రాబోయే ఆదివారాల్లో ఒకనాడు కొడుకుతో సహా వచ్చి కోడలిని తీసుకెళ్తామంది. ఆ తరువాత ఏదో పేరంటానికని పుష్ప మద్దిలపాలెం వెళ్ళి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి ముఖంలో ఒక నిబ్బరం కనిపించింది. నేను దాన్ని ప్రశ్నించలేదు. నిబ్బరానికి కారణం అడిగే అలవాటు శాస్త్రవేత్తలకు కూడా ఉండదు.

తరువాతి వారం ఒక ఉదయం సుధ డ్యూటీకి వెళ్ళాక తొట్టి వైపు చూస్తే చేపలన్నీ పైకి చేరి ఉన్నాయి. మొప్పలు ఎగరేస్తూ నీటి అంచున గాలి కోసం ఆరాటపడుతున్నాయి. గుడ్లు మోస్తున్న ఆడది కూడా తన మూల విడిచి పైకొచ్చింది. కరెంటు ఉంది. గాలి పంపు ఆడుతోంది. సుధ నేర్పిన పరీక్షలు చేశాను. నీళ్ళలో మలినం లేదు. ఏమీ తోచక, సగం నీళ్ళు మార్చేద్దామని గొట్టం లోపలికి దింపాను. దాని కొస ఇసుకలో దేనికో తగిలి టక్కుమంది.

చేయి పెట్టి తీశాను. అరచేతి వెడల్పు రాగి రేకు. మీద గళ్ళు, గళ్ళలో అక్షరాలు. అంచుల వెంట అప్పుడే పచ్చని మరకలు లేస్తున్నాయి. రాగిచెంబులో నీళ్ళు మనం తాగుతాం. చేప మొప్పలకు ఆ రాగే విషం.

ఉక్కునగరం కమ్యూనిటీ హాళ్ళలో నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, చేతిలోంచి విభూతి రాల్చి, అందులో మహిమ లేదని జనానికి విప్పి చెప్పినవాణ్ణి. నా ఇంటి హాల్లో, నేను రోజూ చూసే తొట్టిలో మంత్రించిన యంత్రం దొరికింది. నవ్వు రావలసిన సంగతే. రాలేదు. గుమ్మం పట్టుకుని పుష్ప నిలబడి ఉంది.

“నానే ఎట్టినాను,” అంది. “కాసులమ్మొదిన ఇచ్చినాది. ఇసక కింద ఎడితే దోసం పోద్ది, మన సుద గుంటని ఇంకో మాటనకుండా తీసుకెల్తాం అన్నాది. సేపలకి పడదని నాకేటి తెల్సు? గుంటకి మేలవుద్దనుకున్నాను.”

ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న ఉపన్యాసం ఒకటి నా నాలుక చివరకు వచ్చింది. మింగేశాను.

“సచ్చిపోద్దేటండి?”

“తెలీదు.”

“పిల్లల్ని మింగీత్తాదా?”

“అదీ తెలీదు పుష్పా. ఒక్కటే తెలుసు. ఇవి గట్టి నీళ్ళు. ఇందులోని సున్నం రాగిని చాలావరకు పట్టేసి విషం తగ్గిస్తుంది. మెత్తటి నీళ్ళే అయ్యుంటే ఈపాటికి అన్నీ తేలిపోయేవి. బకెట్లు తే. కొత్త నీళ్ళు పోద్దాం. నెమ్మదిగా పొయ్యాలి. అది బెదిరితే గుడ్లు ఉమ్మేస్తుంది.”

ఇద్దరం ఆ పూటంతా నీళ్ళు మోశాం. నేను గొట్టంతో తీస్తుంటే ఆమె ముంతతో పోసింది. ఎత్తు నుంచి కాదు. గాజు గోడ వెంబడి, వేళ్ళ మీదుగా, పసిబిడ్డకు తలంటు పోసినట్టు. తరువాత తన పాత నేతచీర ఒకటి తెచ్చి తొట్టి చుట్టూ కట్టింది, మనుషుల కదలిక చేపకు కనబడకుండా. జగ్గయ్య పేపరు కోసం వచ్చి “తొట్టికి సీమంతమా సెల్లమ్మా?” అన్నాడు. “అరవకన్నయ్యా, ఎల్లు ఎల్లు,” అని గుమ్మంలోంచే పంపించేసింది.

సాయంత్రం సుధ రాగానే, నేను నోరు తెరవకముందే, పుష్ప తానే అంతా చెప్పింది. సుధ చెప్పులు విప్పకుండా అలాగే నిలబడి వింది. చీర అంచు ఎత్తి లోపలికి చూసింది. రెండు చిన్న చేపలు పోయాయి. మట్టికుండ పెంకు చాటున ఇసుక రంగు ఆడది నిలకడగా ఉంది. దవడ నిండుగానే ఉంది.

“ఇంకా మోస్తంది,” అంది సుధ. చీర దించి తల్లి వైపు తిరిగింది. “అమ్మా, నాకు మేలు సెయ్యాలంటే నన్నడుగు. ఇసకనడక్కు.”

పుష్ప తలూపింది. ఆనాటి నుంచి తొట్టికి కాపలా ఆమెదే. చీర అంచు వేలితో ఎత్తి, గుడ్లను మెల్లగా పుక్కిలించే ఆ నోటిని చాలాసేపు చూసేది. “ఇలాటిది ఎక్కడో సూసినాను నాను,” అందోసారి. ఎక్కడో చెప్పలేదు.

వాళ్ళు వచ్చిన ఆదివారం ఉక్కపోత భరించలేనంతగా ఉంది. కాసులమ్మ పట్టుచీరలో వచ్చి, తొట్టి కనబడని వైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. పుష్పా ఆమే ఒకే పేటలో పుట్టి పెరిగినవాళ్ళు. ఒకే ఇసుకలో ఆడుకున్నవాళ్ళు. దుర్గారావు సోఫా అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు.

“ఏటే సుదా, ఇంకా ఒగ్గనేదా ఆ రాచ్చసి సేపని?” అంది కాసులమ్మ. “కన్న పిల్లల్ని తినీది ఇంట్లో ఉంటే ఇల్లు కల్సొత్తాదా? బట్టలు సర్దుకో. బాబు ఆటో తెచ్చినాడు.”

“ఆటోలో తొట్టి పడుద్దా అత్తా?”

“సేప రాదు. నువ్వొత్తావు.”

“మరి ఆయన ఆస్పత్రికొస్తారా?”

“ఆడికేటి రోగం? రాయిలాగున్నాడు.”

“నాకూ ఏ రోగం లేదత్తా. అయినా నన్ను ఆస్పత్రులన్నీ తిప్పేరు కదా.”

దుర్గారావు తన అరచేతులు చూసుకుంటున్నాడు. అప్పుడు పుష్ప వంటింట్లోంచి పళ్ళెం పట్టుకొచ్చింది. నాలుగు టీ కప్పులు. వాటి మధ్య తళతళ మెరుస్తున్న రాగి రేకు.

కాసులమ్మ ముఖం మారింది. “అదేటొదినా, తీసీసినావా? దోసం మరి...”

“దోసం నీల్లలో నేదొదినా. సింతపండెట్టి తోమినాను. బంగారంలాగుంది. అట్టుకెల్లు.”

“సిద్దాంతి మాటంటే నెక్కనేదా నీకు?”

“సిద్దాంతి సముద్రం సూసినాడేటి?” పుష్ప పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుంది. “నువ్వూ నానూ సూసినాం. మా అయ్య వల దులిపితే జెల్లల నోట్లోంచి గోలీలంతేసి గుడ్లు రాలీవి. మనిద్దరం ఏరుకొని ఆడుకున్నాం. గేపకం నేదేటి? మా అయ్య సూసి తిట్టీవోడు. గుడ్లతో ఉన్న జెల్లని తిరిగి నీట్లో ఒగ్గీసీవోడు. అప్పుడది పిల్లల్ని తినేసినాదని ఎవులైనా అన్నారేటి? నీకు ఫ్లాటొచ్చినాక మర్సిపోనావు. నానూ మర్సిపోనాన్లే. మర్సిపోయే ఈ రేకు అట్టుకొచ్చి నీల్లలో ఎట్టినాను.”

కాసులమ్మ కప్పు అందుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

“నాన్నా,” అంది సుధ, “ఆ జెల్లల్లో గుడ్లు నోట మోసేది మగదో ఆడదో సెప్పు.”

ప్రయోగశాలలో ఫలితం చదివినట్టు చెప్పాను. “మగది. పిల్లలయ్యేదాకా తిండి మానేసి మోస్తుంది.”

దుర్గారావు తలెత్తాడు. వచ్చాక అతను పలికిన మొదటి మాట అదే: “నిజమా మావయ్యా?”

“నా మాట నమ్మక్కర్లేదు బాబూ. వెతికి చూసుకో.”

“సేపల కబుర్లకొచ్చినామేటి మనం?” కాసులమ్మ లేచింది. “లెగు. ఉండనీ ఇక్కడే. ఎన్నాల్లుంటాదో సూద్దాం.”

“నేనూ అదే సూద్దామనుకుంటన్నానత్తా,” అంది సుధ, కూర్చున్న చోటి నుంచి కదలకుండా.

ఆటో బయలుదేరబోతుండగా పుష్ప గేటు దాటి పరుగున వెళ్ళింది. “ఒదినా, మర్సిపోతన్నావు,” అని రాగి రేకును ఆమె ఒళ్ళో పెట్టింది. అంతకుముందు గుమ్మం దాటేటప్పుడు దుర్గారావు చీర కట్టిన తొట్టి వైపు ఒకసారి చూసిన సంగతి నేను గమనించాను. అది దేనికీ రుజువు కాదు గనుక ఎవరికీ చెప్పలేదు.

తొలకరి పడిన రోజు చేప నోరు తెరిచింది. పుష్ప కేకకు పరుగెత్తి వెళ్ళాను. దోసగింజలంత పిల్లలు, ఒంటి కంటే కళ్ళే పెద్దవి, తల్లి ముఖం ముందు ఒక చిన్న మబ్బులా తేలుతున్నాయి. ఇంతలో జగ్గయ్య గేటు ధడాలున తోసుకుని వచ్చాడు. తల్లి వెనక్కి ఒదిగి నోరు చాచింది. పిల్లలన్నీ ఒక్క పెట్టున లోపలికి దూరిపోయాయి. అది చూసిన జగ్గయ్యకు కూడా వెటకారం రాలేదు.

“వీడియో తియ్యి బావా,” అన్నాడు కాసేపటికి. “ఆ కాసులమ్మకి పంపు. మింగినాదో దాసినాదో ఆవిడే సూసుకుంటాది.”

ఫోను అప్పటికే నా చేతిలో ఉంది. రుజువు దొరికితే చూపించకుండా ఉండలేని మనిషిని. పుష్ప నా చేతి మీద చేయి వేసి ఫోను దించింది.

“ఎందుకండి? సాచ్చికం సెప్పుకోడానికి అదేటి ముద్దాయా?”

ఫోను జేబులో పెట్టేశాను. పుష్ప పూజలు మానలేదు. దేవుడి గదిలో దీపం ఆమెది, ఎదురుగా సీసాలూ చుక్కలూ నావి.

కొన్నాళ్ళకు తల్లి చేప నోరు తెరవడం మానేసింది. పిల్లలు రెండుసార్లు ముఖం దగ్గరకు వెళ్ళి చూసి, రాళ్ళ సందులు వెతుక్కున్నాయి. ఆ వారమే సుధ అచ్యుతాపురంలో, కంపెనీకి దగ్గరగా, ఇల్లు మాట్లాడుకున్నానని చెప్పింది. పుష్ప ఏడవలేదు. కొన్ని పిల్లల్ని మాత్రం తనకు ఒక చిన్న తొట్టిలో ఉంచమంది.

సామాను ఎక్కించే రోజు సన్నని తుంపర. అదే ట్రాలీ ఆటో, అదే నీలం డ్రమ్ము. నేనూ జగ్గయ్యా గాజుతొట్టి ఎత్తబోతుండగా దుర్గారావు మోటారు సైకిలు ఆపి దిగాడు. ఒంటరిగా వచ్చాడు. సుధ ఎదురుగా తడుస్తూ నిలబడ్డాడు.

“ఎల్లొచ్చినాను,” అన్నాడు.

“ఏటన్నారు?”

“రిపోర్టు రాలేదింకా. వచ్చే వారం రమ్మన్నారు.” ముఖం మీది తుంపర తుడుచుకున్నాడు. “అమ్మకి సెప్పలేదు.”

“నువ్వే సెప్పాలి.”

“సెప్తాను.”

సుధ అతన్ని కాసేపు పరీక్షగా చూసింది. “అయితే ఆ పక్క పట్టుకో. వంచకు.”

క్రేనుకు అలవాటుపడిన చేతులు గాజును అలుపు లేకుండా ఎత్తి, చప్పుడు కాకుండా దించాయి. డ్రైవరు వెనక్కి తిరిగి, “మద్దిలపాలెమేనా అమ్మా?” అని అడిగాడు.

“కాదు. అచ్యుతాపురం.”

ఆమె వెనకాల ఎక్కి తొట్టిని పొదివి పట్టుకుంది. దుర్గారావును ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. అతను బండి స్టార్టు చేసి ఆటో వెనక నిలిపాడు. పుష్ప గేటు పట్టుకుని, ఇంజను చప్పుడు మీదుగా కేకేసింది:

“ఒసే, ఆ ఇంట్లో నీల్లెలాటివో సూసుకున్నావా?”

ఆటో కదిలింది. సుధ తల వెనక్కి తిప్పి గట్టిగా అరిచింది:

“గట్టివేనమ్మా!”